వాగు గాలించిన చేను

నా చిన్నప్పుడు మా ఊరి వాగులో నీళ్ళకంటె ఇసుకే ఎక్కువ. ఏడాదిలో చాలా నెలలు అది వాగులా ఉండేది కాదు, ఊరి పక్కన పరిచిన తెల్లని బాటలా ఉండేది. మెట్‌పల్లి అంగడికి పోయే బండ్లు అందులోంచే దిగి ఎక్కేవి. తాగేనీళ్ళు కావాలంటే ఆ ఇసుకలోనే చెలిమె తవ్వి, ఊట ఊరేదాకా గట్టున కూర్చుని, కొబ్బరిచిప్పతో కడవలోకి తోడుకునేవాళ్ళం. అలాంటి వాగు వానకాలంలో ఒక్కోరోజు ఉన్నట్టుండి లేచి వచ్చేది. మా నెత్తిన చినుకు కూడా పడదు, ఆకాశం తెల్లగా ఉంటుంది. ఎక్కడో పడమటి గుట్టల మీద కురిసిన వాన ఎర్రటి నీళ్ళై, ఆకులూ కొమ్మలూ ముందేసుకుని హోరుమంటూ దిగేది. "వాగచ్చింది" అనేవాళ్ళం, ఇంటికి చుట్టం వచ్చినట్టు. అది చుట్టంలాగే ఎక్కువసేపు ఉండేది కాదు. మర్నాటికి పాయలుపాయలుగా చీలి, సన్నబడి, చివరికి ఇసుకలోకే ఇంకిపోయేది.

పోలీస్ చర్య అయిపోయి కొన్నేళ్ళు గడిచిన రోజులవి. మా ఇంటి వాకిట్లో ఒక మూలకు చిన్న కొట్టం ఉండేది. అందులో మా మేనత్త ఉండేది. మా బాపుకు ఒక్కగానొక్క చెల్లెలు. పెళ్ళైన కొద్దికాలానికే మామయ్య జ్వరంతో పోతే, పిల్లలు లేని ఆమె పుట్టింటికి వచ్చేసింది. తాతయ్య బతికి ఉండగానే వాగు ఒడ్డున ఉన్న చేను ఆమెకు ఇచ్చిపోయాడు. ఆ చేనే ఆమెకు ఆధారం. అందులో పండిన జొన్నలతో తన కొట్టంలో తన పొయ్యి మీద వండుకునేది. మా అవ్వ, అంటే అమ్మ, ఎన్నిసార్లు పిలిచినా మా పొయ్యి మీది అన్నం తినేది కాదు. అదేమీ కోపం కాదు. పండుగనాడు మాకే రొట్టెలు చేసి పంపేది. కానీ రోజూ పొద్దున్నే తన కొట్టంలోంచి పొగ లేవాలి, అది ఊరు చూడాలి. అంత అభిమానం గల మనిషి. మాట కూడా అంతే గట్టిది. నవ్వితే వాగు అవతలికి వినిపించేది.

ఆ చేనుకు ముప్పు మా బాపు ప్రేమ వల్లనే వచ్చింది. వాగు ఏటా ఒడ్డు దాటి చెల్లె చేనును కోస్తున్నదని బాపు ఒక ఎండాకాలమంతా రాళ్ళూ మట్టీ మోసి ఒడ్డు పొడవునా కట్ట పోశాడు. ఊరంతా మెచ్చుకున్నది. వానకాలం వచ్చింది. మొదటి వాగును కట్ట ఆపింది, రెండో వాగునూ ఆపింది. మూడోసారి వచ్చిన పెద్ద వాగు ఒకచోట కట్టను తెంపింది. అంతదాకా కట్టకు ఒరుసుకుని నిలిచిన నీళ్ళన్నీ ఆ గండిలోంచి ఒక్కసారిగా చేనులోకి దూకాయి. నీళ్ళు తీసిన తర్వాత చూస్తే చేను లేదు. మోకాలి లోతు ఇసుక మేట వేసి ఉంది. మొలక దశలో ఉన్న జొన్న ఎక్కడుందో కూడా తెలియలేదు.

మా బాపు ఆ ఇసుకలో చాలాసేపు నిలబడిపోయాడు. ఇంటికి వచ్చి, "నా చేతులతోనే నీ చేను పాడుచేసిన చెల్లె. ఇగ గది పడావు పడ్డట్టే. నీ పొయ్యి తీసెయ్యి, మాతోటి తిను," అన్నాడు.

అత్త చీర కొంగుతో మొహం తుడుచుకుని, "వచ్చే వానకాలం దాక ఆగన్నా. గప్పటికి చేను తిరిగి రాకపోతే నా పొయ్యి నేనే ఆర్పుత. నువ్వు చెప్పాల్సిన పనిలేదు," అన్నది.

ఆ మాట నాకు అర్థమైంది. అత్త కొట్టంలో పొయ్యి ఆరిపోవడమంటే ఏమిటో ఏడెనిమిదేళ్ళ పిల్లకు కూడా తెలుస్తుంది. నేను రోజూ నిద్ర లేచి మొదట చూసేది ఆ పొగనే.

ఆ చలికాలం ఆమె ఊరికే కూర్చోలేదు. గోదావరి ఇసుక తిన్నెల మీద చేసినట్టే మేటలో గుంతలు తవ్వి, అడుగున పెంట వేసి, దోసా పుచ్చా పెట్టింది. చెలిమె నీళ్ళు ముంతతో పోసింది. కాసినన్ని కాశాయి. వాటిని ఇచ్చి జొన్నలు తెచ్చుకుంది. ఆ ఎండాకాలానికి తిండి గడిచింది. అయితే దోస తీగలతో ఎన్నాళ్ళు గడుస్తుంది? ఆమెకు కావలసింది జొన్న పండే నేల.

ఉగాదినాడు జరిగింది అసలు సంగతి. పండుగనాడే మాకు వరన్నం. కళ్ళంలో నూర్చిన వడ్ల బియ్యంలో సన్న రాళ్ళు ఉండేవి. గాలించక తప్పదు. ఇప్పటి పిల్లల్లో చాలామందికి తెలియదు కనుక చెబుతాను. గంజులో బియ్యం, మీదికంటా నీళ్ళు పోసి, గంజును అటూ ఇటూ ఊపుతూ ఇంకో గిన్నెలోకి మెల్లగా ఒంపాలి. నీళ్ళతోపాటు బియ్యం జారిపోతాయి, రాళ్ళు గంజు అడుగున మిగులుతాయి. చూడ్డానికి సులువే. అత్త ఆ పని నాకు అప్పగించి పక్కనే కూరగాయలు కోస్తున్నది. బయట పిల్లలు నన్ను పిలుస్తున్నారు. నేను గంజెత్తి గబగబా ఒంపేశాను. బియ్యమూ పోయాయి, రాళ్ళూ పోయాయి.

అత్త గిన్నెలో చేయి పెట్టి ఒక రాయి తీసి నా అరచేతిలో పెట్టింది.

"గీ రాయి గీ గిన్నెలకు ఎట్లచ్చిందే?"

"నీళ్ళు తెచ్చినయత్తా."

"నీళ్ళకు గంత బలమెక్కడిది?"

"నేను జోరుగ ఒంపిన."

"మల్ల నీళ్ళు పొయ్యి. ఇప్పుడు జర మెల్లగ ఒంపు."

మెల్లగా ఒంపాను. నీళ్ళు తెరలా జారాయి, వాటి వెంట బియ్యం జారాయి, రాళ్ళు అడుగునే కూర్చున్నాయి. నేను తలెత్తి చూస్తే అత్త నా వైపు చూడటం లేదు. కోస్తున్న వంకాయ చేతిలోనే ఉంది. వాకిలి దాటి, తుమ్మచెట్లు దాటి, వాగు వైపు చూస్తున్నది. ఆ చూపు ఇప్పటికీ నాకు గుర్తే. ఇంట్లో పోయిన వస్తువు ఎక్కడ పెట్టామో తటాలున గుర్తొచ్చినప్పుడు అలా చూస్తాం.

పొద్దు వాలుతుండగా అత్త నన్ను వాగుకు తీసుకుపోయింది. వాగు నడిమధ్య నన్ను నిలబెట్టి, చెప్పులు లేని నా కాళ్ళవైపు చూపి, "కండ్లు మూసుకో. చెయ్యి పట్టుకుని నడిపిస్త. కింద ఏమున్నదో కాళ్ళతోటి చెప్పు," అన్నది. ఆటలా తోచి కళ్ళు మూసుకున్నాను.

మొదట గులకరాళ్ళు పొడిచాయి. "రాళ్ళు" అన్నాను. కొంచెం నడిచాక గరుకుగా తగిలింది. "పెద్దిసుక." ఇంకొంచెం పోయాక కాలు మెత్తగా కుంగింది. "సన్నిసుక." ఒడ్డు దగ్గరికి వచ్చాం. వావిలి పొద నా భుజానికి తగిలింది, దాని ఘాటు వాసన వచ్చింది. అక్కడ నా కాలికింద ఏదో పటపట విరిగింది. కళ్ళు తెరిచాను. పొద వెనక నేల మీద ఎండిన ఒండుమట్టి పెచ్చులు లేచి, అప్పడాల్లా అంచులు పైకి తిరిగి ఉన్నాయి. ఒకటి తీసి చూశాను. అడుగున సన్నిసుక అంటుకుని ఉంది, పైన మట్టి నున్నగా, వెన్నలా ఉంది.

"చూసినవా? వాగు గూడ గాలిచ్చుకుంటనే పోతున్నది," అన్నది అత్త. "నడుమ జోరు. రాళ్ళు తప్ప ఏవీ ఆగయి. ఒడ్డుకొచ్చేసరికి సత్తువ తగ్గుతది, ఇసుక దించుతది. గీ పొద ఎనక నీళ్ళు ఊరికే నిలబడ్డయి, గందుకే గీ ఒండు. మీ బాపు కట్ట గట్టి వాగును ఆపిండు. అది ఆగి ఆగి ఒక్కసారి దునికింది, నువ్వు పొద్దున గంజు ఒంపినట్టు. రాళ్ళూ ఇసుకా అన్నీ నా చేన్ల పోసిపోయింది."

ఆమె అక్కడే ఇసుకలో వేలితో గీతలు గీసింది. తన చేను గీసింది, వాగు గీసింది, వాగు ఒడ్డు నుంచి చేను చివరిదాకా అడ్డంగా మూడు వరుసలు గీసింది. "కట్ట కాదు బిడ్డా. దడి. సందులున్న దడి. నీళ్ళు రావాలె, కానీ ఉరుకొద్దు. మొదటి దడి రాళ్ళకు, రెండోది ఇసుకకు, మూడోది నాకు."

మర్నాటి నుంచే పని మొదలైంది. వావిలి కొమ్మలు నరికి ఒడ్డున పాతింది. వావిలి చచ్చేది కాదు, తడి తగిలితే వేరు పట్టి చిగురిస్తుంది. వాటి మధ్య కందికట్టె, తంగేడు మండలు అల్లింది. మొదటి దడి తెగిన కట్ట గండిలో, రెండోది కాస్త ఇవతల, మూడోది చేను దిగువ గట్టున, నీళ్ళు తొందరగా బయటికి జారిపోకుండా. నేను మండలు అందించేదాన్ని. నా చేతులు గీరుకుపోయేవి. కానీ ఆ పని చేస్తున్నంతసేపూ పిల్లలెవరు పిలిచినా ఆటకు పోలేదు.

పక్క చేను పెద్దయ్య ఒకాయన ఉండేవాడు. దారిన పోయే ఎవరినీ ఒక మాట అనకుండా విడిచేవాడు కాదు. ఒకరోజు బండి ఆపి, "ఏం చెల్లె, వాగుకు దడి కడుతున్నవా? కోళ్ళు పోతయనా?" అన్నాడు. వెనక కూర్చున్నవాళ్ళు నవ్వారు. అత్త తలెత్తకుండానే, "నువ్వు పో అన్నా, నీ ఎడ్లు దడి మేస్తయి," అన్నది.

మా బాపుకు మాత్రం నవ్వు రాలేదు. ఆయన కట్టిన కట్టకు జరిగింది ఆయన మరచిపోలేదు. "రాళ్ళ కట్టనే ఆపలే. కట్టెపుల్లలు ఆపుతయా?" అన్నాడు.

"నేను ఆపుతనంటలేనన్నా. మెల్లగ నడువుమంటున్న."

బాపు గండి దగ్గర పాతిన గుంజ ఒకటి కదిలించి చూసి, వదులుగా ఉందని గడ్డపారతో ఇంకాస్త లోతుగా దిగేసి పోయాడు.

మృగశిర కార్తె ఉత్తగానే పోయింది. ఆరుద్రలో ఒక మధ్యాహ్నం పడమట గుట్టలు కనిపించకుండా పోయాయి. ఊరిలో ఎండ అలాగే ఉంది. మేకలు కాసే పిల్లలు అరుచుకుంటూ ఒడ్డెక్కారు. తర్వాత ఆ హోరు. తొలి వాగు. ఎండాకాలమంతా గుట్టల మీద పోగైన దుమ్మూ, ఎండిన ఆకూ, మట్టీ కలుపుకుని చిక్కగా, బెల్లం పాకంలా వచ్చింది. ఊరంతా ఒడ్డున చేరింది. మా అవ్వ నా చేయి గట్టిగా పట్టుకుంది.

నీళ్ళు ఒడ్డు దాటి గండిని తాకాయి. మొదటి దడి వంగింది, ఊగింది. మధ్యలో కొంత భాగం మా కళ్ళ ముందే ఊడి కొట్టుకుపోయింది. "పాయె!" అన్నారెవరో. నేను అత్త మొహంవైపు చూశాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. ఆ ఘడియలో ఆమె చూస్తున్నది దడిని కాదు, తన పొయ్యిని అని నాకు తెలుసు. నీళ్ళు రెండో దడి దగ్గరికి వచ్చాయి. అక్కడ వాటి చప్పుడు మారింది. హోరు పోయి సందుల్లోంచి సుయ్యిమనే శబ్దం. దడి నిలిచింది. అవతల నీళ్ళు చేనంతా పరుచుకుని మెల్లమెల్లగా మూడో దడిదాకా పోయి, అక్కడ గంజులోని నీళ్ళలా కదలకుండా నిలబడ్డాయి.

మర్నాడు పొద్దున్నే పోయి చూశాం. మొదటి దడి దగ్గర గులకరాళ్ళ కుప్ప. రెండో దడికి ఆనుకుని ఇసుక, ఎవరో చాటతో ఎత్తి పోసినట్టు. దానికి ఇవతల, పాత మేట మీద, చేను సగందాకా ఎర్రనలుపు ఒండు తడితడిగా మెరుస్తున్నది. నేను పరిగెత్తుకుంటూ అందులోకి దిగి జారి పడ్డాను. అత్త నన్ను లేపలేదు. ఒంగి గుప్పెడు ఒండు పిసికి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, నా మీదికి విసిరి, ఆ పాత నవ్వు నవ్వింది. వాగు అవతలికి వినిపించేది అని చెప్పానే, అది.

కొంతసేపటికి ఎవరో గుంజలు పాతుతున్న చప్పుడు వినిపించింది. ఊడిపోయిన చోట మా బాపు ఒక్కడే కొత్త వావిలి కొమ్మలు పాతుతున్నాడు. నేను పోయి మండలు అందించాను.

ఆ వానకాలం వాగు ఇంకా కొన్నిసార్లు వచ్చింది. వచ్చిన ప్రతిసారీ కొంత దించిపోయింది. చివరికి చేను మీద బెత్తెడు ఒండు నిలిచింది. జొన్నకు అది చాలదని అత్తకు తెలుసు. తొందరపడలేదు. ఉలవలు చల్లింది. అడుగున ఇసుకలో దాగిన తడిని వేళ్ళతో వెతుక్కుని ఉలవ చేను నేలంతా కప్పింది.

కోత అయిన రోజు అత్త తన పొయ్యి మీద ఉలవలు ఉడికించి గుడాలు చేసి బాపును పిలిచింది. ఆయన గుడాలు మెల్లగా నములుతుంటే, "ఏందన్నా, రాయి తగుల్తదని చూస్తున్నవా?" అన్నది. "ఒకసారి వాగు గాలిచ్చింది, ఒకసారి నేను గాలిచ్చిన. ఫికర్ లేకుండ తిను."

బాపు నవ్వి మా అవ్వతో, "నా చెల్లె వాగుకే వంట నేర్పింది," అన్నాడు. ఆ మాట ఆయన ఆ తర్వాత అంగట్లో, కచ్చీరు దగ్గర, చుట్టాలిండ్లలో ఎంతమందితో అన్నాడో లెక్కలేదు. అంటున్నప్పుడు ఆయన తల కాస్త పైకి లేచేది. తన కట్ట తెగిన సంగతి కూడా తనే కలిపి చెప్పేవాడు. పక్క చేను పెద్దయ్య మరుసటి ఎండాకాలం వావిలి కొమ్మలు అడగటానికి వచ్చాడు. అత్త మోపు కట్టి ఇచ్చి, "కోళ్ళెన్ని ఉన్నయన్నా?" అని మాత్రం అడిగింది. ఆయనే అందరికంటె గట్టిగా నవ్వాడు. ఇంకో రెండు మూడు వానకాలాలు పోయాక ఆ చేనులో యాసంగి జొన్న నిలువెత్తు పెరిగింది. అత్త కొట్టంలో పొగ ఏ పొద్దూ ఆగలేదు.

నా చదువు నాలుగో తరగతితో ఆగిపోయింది. పెళ్ళై మెట్‌పల్లికి వచ్చాక మా వీధి చివర గ్రంథాలయం ఉండేది. మగ్గం పని మధ్యలో దొరికిన తీరికలో అక్కడికి పోయి కూర్చునేదాన్ని. మొదట్లో అక్షరాలు కూడబలుక్కున్నాను. తర్వాత పత్రికలు, తర్వాత కథలు, తర్వాత చేతికి అందిన ప్రతి పుస్తకం. ఎవరూ చెప్పకుండా నా అంతట నేను చదువుకున్నానని నాకు గర్వం ఉంది, దాన్ని దాచుకోను. ఒకరోజు భూగోళం పుస్తకంలో ఎండప్రాంతాల నదుల గురించి కనిపించింది. అక్కడ చెట్టూ గడ్డీ తక్కువ గనుక వాన పడగానే మట్టి ఎక్కువగా కొట్టుకొస్తుందట. నది ముందుకు పోయేకొద్దీ నీళ్ళు కొంత ఇసుకలోకి ఇంకి, కొంత ఎండకు ఆవిరై, మోసే బలం తగ్గిపోతుందట. అప్పుడు బరువైనవి ముందు, తేలికైనవి తర్వాత దారిలోనే దించేస్తుందట. అందుకే అలాంటి నదులు అడుగు ఏటేటా పైకి లేచి, పాయలు చీలి, ఒడ్డు దాటుతాయట. ఆ పేజీ చదువుతుంటే నా అరికాళ్ళకింద మళ్ళీ గులకరాళ్ళు, పెద్దిసుక, సన్నిసుక వరుసగా తగిలాయి. చివర మట్టి పెచ్చు పటపట విరిగింది. పుస్తకంలో ఉన్నదంతా నాకు ముందే తెలుసు, కళ్ళు మూసుకుని నేర్చుకున్నాను.

ఆ ఆదివారమే ఊరికి పోయి అత్తకు చెప్పాను. ఆమె అప్పటికి పెద్దదైపోయింది, కొట్టం ముందు కూర్చుని జొన్నలు చెరుగుతున్నది. అంతా విని, చాట పక్కన పెట్టి, ఎంతో ఆసక్తిగా అడిగింది: "గా పుస్తకం రాసినాయన ఇంట్ల బియ్యం ఎవలు గాలిస్తరే?"

ఆ తర్వాత ఒకరోజు గ్రంథాలయంలో నిఘంటువు తీసి "గాలించు" అనే మాట చూశాను. రాళ్ళు పోయేలా నీళ్ళలో కడగడం అని ఒక అర్థం. శ్రద్ధగా వెతకడం అని ఇంకో అర్థం. ఉగాదినాడు వంకాయ చేతిలో పట్టుకుని వాగువైపు చూసిన అత్త రెండు పనులూ ఒకేసారి చేసింది.

ఇప్పుడు సంచుల్లో వచ్చే బియ్యంలో రాళ్ళు ఉండవు. అయినా నేను గాలిస్తాను. "ఎందుకు అమ్మమ్మా, ఊరికే?" అంటుంది మనవరాలు. పుస్తకం కూడా అలాగే చదువుతాను. కష్టమైన పేజీ వస్తే పరిగెత్తను, అది నాలో దిగాల్సింది దిగేదాకా అక్కడే నిలబడతాను. ఇన్నేళ్ళలో నాకు వచ్చిన నాలుగు ముక్కలూ అలా బెత్తెడు బెత్తెడుగా నిలిచినవే. గంజు ఎత్తి నీళ్ళు ఒంపబోయే ముందు ఇప్పటికీ నా చెయ్యి దానంతట అదే నెమ్మదిస్తుంది. ఆ చెయ్యి నాదే, నెమ్మది మాత్రం మా అత్తది.